రోహిణి కార్తెలో పురిటిగది

“వదినా... ఒక్క గుక్క... నోరు తడుపుకోడానికే...”

పురిటిగది తలుపు సందులోంచి ఆ గొంతు వినిపించేసరికి తాయారు చేతిలో చేట ఆగిపోయింది. అది పద్మ గొంతేనా? మొన్నటి వరకూ లోపల్నించి గోడమీద చేత్తో కొట్టి, “వదినా, ఈవేళ ఏటి కూర” అని నవ్వుతూ అడిగిన ఆడపడుచు గొంతేనా? ఎండిన తాటాకు మీద గోరుతో గీసినట్టుంది... తాయారు చుట్టూ చూసింది. అత్తగారు అప్పలనరసమ్మ పెరట్లో బావి దగ్గర ఉంది, గిలక కిర్రుమంటోంది. మావగారు నగరేశ్వరరావూ, భర్త సూర్యారావూ వీధివైపు కొట్లో ఉన్నారు. సావిడి మూల ఇసకలో కూర్చోబెట్టిన కొత్తకుండ ఒళ్ళంతా చెమర్చి నిగనిగలాడుతోంది. ఆ కుండకీ ఈ తలుపుకీ మధ్య పట్టుమని పది అడుగులు లేవు. కాని ఆ కుండలో నీళ్ళు ఆ తలుపు దాటి వెళ్ళడానికి వీల్లేదు.

రోహిణిలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ యుద్ధపు రోజుల్లో, ఆ ఏటి ఎండలు కోటబొమ్మాళి మీద పగబట్టినట్టే కాశాయి. పొద్దు బారెడెక్కేసరికి సంతవీధిలో కుక్క కూడా కనిపించేది కాదు. కొట్లో బెల్లం దిమ్మలు చెమర్చి, గంపల్లోంచి నేలమీదికి తీగలు తీగలుగా కారేవి. మధ్యాహ్నం పడమటిగాలి లేచిందంటే ఇంటి పెంకులమీద ఎవరో నిప్పులు చెరిగి పోస్తున్నట్టుండేది.

అయినా చెప్పొద్దూ, మొన్నమొన్నటి వరకూ తాయారుకి ఈ వేసవి ఒక పండగలాగే ఉండేది! విజయనగరంలో ఇంటరు చదువు ముగించుకుని, పెళ్ళి చేసుకుని, కాపరానికి వచ్చిన మొదటి వేసవి. కొత్తకుండ తానే ఏరి కొంది; వేలి కణుపుతో కొట్టి చూసి, ఖంగుమన్నదాన్నే ఇంటికి తెచ్చింది. దాని కింద ఇసక పోసి, ఇసకలో గుప్పెడు ధాన్యం చల్లితే, కుండ కార్చిన తడికే మొలకలొచ్చి, కుండకి పచ్చని జరీ అంచు కట్టినట్టయింది. పొద్దున్నే లేచి ఆ మొలకల్ని చూసుకోవడం ఒక ఆనందం. మల్లెమొగ్గల్ని తడిగుడ్డలో చుట్టి కుండమూత మీద పెడితే, సాయంత్రానికి నీళ్ళకి కూడా ఆ వాసనే. ఇక సూర్యారావు... ఎండ కాస్త వాలగానే కొట్లోంచి దొంగలా వచ్చి, పంచె చెంగులో దాచిన తాటిముంజలు ఆమె ఒళ్ళో పోసి, “అమ్మ చూడకముందే తినెయ్యి” అని పారిపోయేవాడు. చల్లదనమనేది ఎంత చిన్న చిన్న వాటిలో దాక్కుని ఉంటుందో కదా అని మురిసిపోయేది తాయారు. ఆ చల్లదనం ఒక్క చుక్కయినా చేరని గది ఒకటి ఇదే ఇంట్లో ఉంటుందని, పద్మ పురుడు పోసుకునేదాకా ఆమెకి తెలియదు.

పద్మకుమారి ఈ ఇంటి చిన్నకూతురు. అత్తవారిది పర్లాకిమిడి, బట్టల వ్యాపారం. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి, ఆడపిల్లను కన్నది. నడిమిగది పురిటిగది అయింది. దానికి ఉన్న ఒకే ఒక్క కిటికీకి నగరేశ్వరరావు కొట్లోంచి గోనెపట్టాలు తెచ్చి, తన చేత్తోనే మేకులు కొట్టి బిగించాడు. మంచం కింద కుంపటి. బాలింత చెవుల్లో దూది, తలకి ఉన్నిగుడ్డ, మెడదాకా కంబళి. తాగడానికి శొంఠి వేసి కాచిన నీళ్ళు... అవైనా ఉగ్గుగిన్నెతో, గొంతు తడిసీ తడవకుండా. గాలి తగిలితే వాతం చేస్తుంది, నీళ్ళు తాగితే సన్ని కమ్మి, జ్వరంతో తెలివి తప్పుతుంది. అది ఆ వీధిలో ప్రతి ఇంటికీ ఉన్న కట్టడే. పుష్యమాసంలో పురుడొచ్చినా అదే కట్టడి, రోహిణి కార్తెలో వచ్చినా అదే కట్టడి!

కాని ఈ ఇంట్లో ఆ కట్టడికి ఇంకో ముడి కూడా ఉంది. పద్మ కంటె ముందు ఆ గదిలో జగ్గమ్మ పడుకుంది. పెద్దకూతురు. అదీ తొలికాన్పే. శ్రావణమాసపు ముసురు పట్టి ఉంది. “అమ్మా, ఒళ్ళు మంటెత్తిపోతన్నాది, కిటికీ తియ్యే, గుక్కెడు నీళ్ళియ్యే” అని పిల్ల బతిమాలితే, కన్నకడుపు ఎంతసేపు బిగబట్టుకుంటుంది? అప్పలనరసమ్మ కిటికీ తీసింది. గుక్కెడు నీళ్ళు పోసింది. జగ్గమ్మకి సన్ని కమ్మింది. ఆపైన తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. ఈ సంగతి వీధి వీధంతా తెలుసు. అప్పలనరసమ్మ మాత్రం ఎన్నడూ నోరెత్తి చెప్పలేదు. ఏటా శ్రావణంలో ఒకరోజు ఆవిడ పొయ్యి వెలిగించదు... అంతే.

అందుకే తాయారు తలుపు దగ్గర అలా నిలబడిపోయింది.

“పద్మా, కొంచెం ఓర్చుకో అమ్మా. అత్తయ్యని అడుగుతాను.”

“అడిగితే ఇస్తాదేటి వదినా... నాలిక అంగిట్లో అంటుకుపోతన్నాది. పాపకి పాలు కూడా పడట్లేదు. పొద్దుట్నించీ అది ఏడవట్లేదు వదినా... ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి.”

ఆ ఒక్క మాట చాలు. తాయారు ఇంకేమీ ఆలోచించలేదు. చెంబు ముంచింది. తలుపు తోసింది. ఉడుకుతున్న అన్నం గుండిగ మూత తీసినట్టు లోపలి వేడి మొహాన కొట్టింది. చెంబు అందుకున్న పద్మ వేళ్ళు తగిలితే పెనం అంచు తగిలినట్టు చురుక్కుమంది. పద్మ తాగింది... కళ్ళు మూసుకుని, గటగటా, గుండెలమీంచి కారిపోతున్నా చూసుకోకుండా తాగింది. చెంబు ఖాళీ చేసి, మనిషిలా ఒక్క ఊపిరి పీల్చి, “నీ నీళ్ళు మల్లెపూల వాసనొస్తన్నాయి వదినా” అంది. తాయారుకి నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అత్తగారు.

“ఏటిచ్చావే దానికి?”

“నీళ్ళు అత్తయ్యా.”

“ఏ నీళ్ళు?”

“కుండలోవి.”

“ఎన్ని?”

తాయారు ఖాళీ చెంబు వైపు చూసింది. అబద్ధం ఆడడం ఆమెకి చేతకాలేదు. “చెంబుడు” అంది.

అప్పలనరసమ్మ గుమ్మం పట్టుకుని మెల్లగా కిందికి జారి, గడపమీద కూర్చుండిపోయింది. “సెంబుడు...” అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. “నానిచ్చింది గుక్కెడే. గుక్కెడికే అది ఎల్లిపోనాది.”

ఆ మాట కంటె చెంపదెబ్బ నయం కాదూ!

సాయంత్రానికి పద్మకి స్పృహ సరిగ్గా లేదు. ఒళ్ళు పేలిపోతోంది. కళ్ళు తెరిచి తల్లిని చూసి, “జగ్గక్కా, ఎప్పుడొచ్చావే” అంటోంది. పక్కింటి బుల్లమ్మ వచ్చింది. పురుళ్ళ విషయంలో ఆ వీధికి ఆవిడ మాటే వేదం. పద్మ కాళ్ళు పట్టి చూసి, పెదవి విరిచి, సావిడిలోకొచ్చి తాయారు ముందు నిలబడింది.

“సదువుకున్న కోడలొస్తే ఇల్లు సల్లబడతాదనుకున్నాం గాని, ఇంత బేగి సల్లబరుస్తావనుకోలేదమ్మా” అంది. “సన్ని. సూడక్కర్లేదు. కుంపట్లో ఇంకాసిని బొగ్గులెయ్యండి. సెమట పట్టాల. సెమట పడితే మనిసి బతుకుతాది.”

తాయారు నోరు విప్పబోయింది. ఆ గదిలో చెమట పట్టడానికి ఒంట్లో నీరేదీ అని అడగాలనుకుంది. కాని అడగలేకపోయింది. కళాశాలలో చదువుకున్న పుస్తకాల్లో శరీరానికి నీరు ఎంత అవసరమో రాసి ఉంది, నిజమే. కాని బాలింత సంగతి వాటిల్లో ఎవరూ రాయలేదే? జగ్గమ్మ చచ్చిపోయిన మాట నిజం కదా? ఇప్పుడు పద్మ పలవరిస్తున్న మాట కళ్ళెదుట నిజం కదా? తన చేత్తో ముంచిన చెంబు... మల్లెల వాసన వేసిన చెంబు... అదే విషమయిందా? తన మీద తనకే నమ్మకం పోవడం కంటె పెద్ద కష్టం ఇంకేముంది?

అప్పలనరసమ్మ చీర కొంగు నడుముకి బిగించింది. లోపలికి వెళ్తూ గడపమీద ఆగి, కోడలి కళ్ళలోకి సూటిగా చూసింది.

“సింహాద్రప్పన్న మీద ఒట్టు. అది లేచి కూకున్న దాకా నా నోట్లో సుక్క నీరు పడదు. అది పడ్డ పాట్లు నానూ పడతాను. ఈ గడియ నానే ఏస్తన్నాను, నానే తీస్తాను. నువ్వు మాత్రం ఈ గుమ్మం తొక్కకు. నీ పున్నెం.”

గడియ పడింది.

ఆ చప్పుడు విని కొట్లోంచి సూర్యారావు వచ్చాడు. భార్య కుండ పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. అతను పక్కనే చతికిలబడ్డాడు.

“నువ్వు మంచికే ఇచ్చావు తాయారూ.”

“అత్తయ్య కూడా మంచికే ఇచ్చారు కదండీ... జగ్గమ్మ వదినకి.”

అతను మొలకల అంచుని వేలితో సవరిస్తూ, “పొద్దున్న రైలుకి నౌపడా వెళ్తాను. అక్కడ రైల్వే డాక్టరున్నాడు, కాళ్ళు పట్టుకునైనా తెస్తాను” అన్నాడు. కాస్త ఆగి, “నువ్వు అన్నం తిను. నువ్వు కూడా మంచం పడితే నేనేమైపోవాలి” అన్నాడు. అంత దుఃఖంలోనూ ఆ చివరి మాట తాయారు దాచుకుంది. కొత్త పెళ్ళికూతుళ్ళు ఇలాంటివి దాచుకుంటారు.

మర్నాడు సూర్యుడు లేస్తూనే నిప్పుకణికలా లేచాడు. సూర్యారావు తెల్లవారు రైలుకి వెళ్ళిపోయాడు. నగరేశ్వరరావు కొట్టు తెరిచాడు గాని, తూకం రాయి ఏ పళ్ళెంలో వేస్తున్నాడో అతనికే తెలియడం లేదు. పురుడు మైల; నామకరణం అయిందాకా మగవాళ్ళు ఆ గది గుమ్మంలోకి రారు. మనవరాలి మొహం కూడా అతను ఇంకా చూడలేదు. అందుకే గంటకోసారి సావిడిలోకి వచ్చి, దూరం నుంచే, “ఎలాగున్నాది” అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయేవాడు.

తాయారు తలుపుకి చెవి ఆనించి కూర్చుంది. పొద్దున్నంతా అత్తగారి గొంతు వినిపించింది... విసనకర్ర చప్పుడు కాదు, కుంపట్లో బొగ్గులు సర్దుతున్న చప్పుడు. “ఓర్సుకో తల్లీ... సెమట పట్టేస్తాది...” అని సముదాయింపు. మధ్యమధ్య ఆవిడే దగ్గడం. గొంతు ఎండిపోయిన దగ్గు. తాయారు తలుపు తట్టి, “అత్తయ్యా, మీరైనా బయటికి రండి. మీకు పథ్యం లేదు కదా, మీరు తాగొచ్చు కదా” అంది. “ఎల్లవే” అన్న మాట ఒక్కటే వచ్చింది లోపల్నించి. ఆ మాటలో కోపం లేదు. కోపానికి కూడా తడి కావాలి.

పడమటిగాలి లేచింది. పెంకులు కాగి, దూలాలు చిటచిటలాడాయి. తాయారు ఎన్నిసార్లు లేచి కుండ దాకా వెళ్ళి, ముంచబోయి, మానేసి వచ్చిందో! ముంచడానికి చేయి రాలేదు. నేను ముంచితే మళ్ళీ ఏం జరుగుతుందో అన్న భయం. గడియ వెనక చచ్చిపోతున్న ప్రాణాలకీ, తనకీ మధ్య ఉన్నది తలుపు కాదు... ఆ భయమే.

ఉన్నట్టుండి లోపల ఇత్తడి పళ్ళెం కిందపడి దొర్లిన చప్పుడు. ఆ వెనక ఏ చప్పుడూ లేదు.

“అత్తయ్యా.”

లేదు.

“పద్మా... అత్తయ్యా...”

అప్పుడు వినిపించింది, సన్నగా, పిల్లికూన మూలిగినట్టు, పసిపిల్ల గొంతు. ఆ మూలుగుని సముదాయించే మనిషి లోపల లేదు. తాయారు లేచి పరుగెత్తింది. కోడలు కొట్లోకి రావడం ఆ ఇంట్లో ఆచారం కాదు. బేరగాళ్ళ మధ్యలోంచి వెళ్ళి, మావగారి చెయ్యి పట్టుకుంది.

“మావయ్యా, తలుపు తియ్యట్లేదు. పిలిస్తే పలకట్లేదు. ఇద్దరూ పలకట్లేదు మావయ్యా.”

నగరేశ్వరరావు ఆమె మొహం చూశాడు. బస్తాలు లాగే ఇనుప కొక్కెం గోడకి వేలాడుతుంటే అందుకుని పెరటివైపు పరుగెత్తాడు. కిటికీకి తాను బిగించిన గోనెపట్టాలో కొక్కెం దింపి, బలమంతా పెట్టి లాగాడు. గోనె చిరిగింది. మేకులు ఎగిరిపోయాయి. లోపల్నించి బొగ్గు వేడీ, సాంబ్రాణి పొగా ఒక్కసారి బయటికి ఊపిరి విడిచాయి. కర్ర ఊచలు రెండు విరిచి తాయారుని ఎత్తి లోపలికి దింపాడు. ఆమె తడుముకుంటూ వెళ్ళి గడియ తీసింది.

మంచం మీద పద్మ. మంచం కిందికి ఒక చెయ్యి చాచి, కుంపటి పక్కనే నేలమీద అప్పలనరసమ్మ. చేతిలో ఇంకా విరిగిన బొగ్గు ముక్క ఉంది. ఒంటిమీద చెమట చుక్క లేదు. చర్మం అప్పడంలా ఎండి కాలిపోతోంది. కళ్ళు సగం తెరిచి, “జగ్గా, కిటికీ తియ్యకే... తియ్యకే...” అని గొణుగుతోంది. పద్మ నిన్న సాయంత్రం పలవరించినట్టే!

బుల్లమ్మ అప్పటికి పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి చూసి, నోటిమీద చెయ్యి వేసుకుంది.

“ఓలమ్మో, ఈమెక్కూడా సన్నే. గాలి సోకిపోనాది. ఆ కిటికీ మూసెయ్యండి బాబూ, ఆ తలుపేసెయ్యండి.”

అప్పుడు తాయారు లేచి నిలబడింది. ఆమె చెయ్యి ఒకటి అత్తగారి నుదుటి మీద, ఇంకొకటి పద్మ నుదుటి మీద ఉంది. రెండూ ఒక్కలాగే కాలుతున్నాయి.

“బుల్లమ్మత్తా, పద్మది పురిటిసన్ని అన్నారు. నీళ్ళు తాగినందుకు వచ్చిందన్నారు. మా అత్తయ్య ఎప్పుడు పురుడు పోసుకున్నారు? ఆవిడ ఏ నీళ్ళు తాగారు?”

బుల్లమ్మ చూపు నేలమీద పడి ఉన్న అప్పలనరసమ్మ మీదికి వెళ్ళింది.

“చుక్క తాగలేదు. నిన్నట్నించీ చుక్క తాగలేదు” అంది తాయారు. “తాగిన మనిషికీ, తాగని మనిషికీ ఒకటే జబ్బు. ఇది సన్ని కాదు మావయ్యా. ఇది వడదెబ్బ. ఇంట్లో కూర్చున్న మనుషులకి మనం కొట్టిన వడదెబ్బ.”

నగరేశ్వరరావు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు కాపరం చేసిన మనిషి నేలమీద పడి ఉంది. కన్నకూతురు మంచం మీద పడి ఉంది. ఇద్దరికీ అతనికీ మధ్య జానెడు గడప.

“మైల బాబూ” అంది బుల్లమ్మ, కాస్త నీరసంగా.

“మైల నా మీద పడనీ” అన్నాడు అతను. “తానం సేస్తే మైల పోతాది. మనిసి పోతే ఏ తానం సేస్తే వస్తాది?”

గడప దాటాడు. కుంపటి ఎత్తి పెరట్లో బోర్లించాడు. భార్యని పసిపిల్లలా చేతులమీద ఎత్తుకుని సావిడిలోకి తెచ్చి, కుండ పక్కన చాప మీద పడుకోబెట్టాడు. పద్మని మంచంతో సహా లాక్కొచ్చాడు. “అమ్మా తాయారూ, ఇప్పుడేటి సెయ్యాలో సెప్పు. నువ్వు సెప్పింది సేస్తాను” అన్నాడు. బుల్లమ్మ ఒక్క క్షణం నిలబడి చూసింది. తర్వాత ఏమనుకుందో, కొంగు బిగించి, “బావినీళ్ళు నాను తోడతాను. మీరు పొయ్యండి” అని పెరట్లోకి నడిచింది.

చిరిగిన ఆ గోనెపట్టాల్నే తాయారు బావినీళ్ళలో ముంచి, సావిడి గుమ్మానికీ, పెరటి కిటికీకీ వేలాడదీసింది. నిన్నటిదాకా గాలిని ఆపిన గోనె, నీళ్ళు తాగేసరికి, అదే పడమటిగాలిని చల్లగా చేసి లోపలికి పంపింది. తడి గోనె వాసన, దానిలో బెల్లం వాసన... పాత నేతచీరలు తడిపి ఇద్దరి ఒంటిమీదా కప్పింది. చెవుల్లో దూది తీసేసింది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగని దూదితో ముంచి పెదాల మీద పిండింది. ఒకరికి పిండి, పక్కకి జరిగి ఇంకొకరికి... మధ్యలో పసిపిల్లని ఒళ్ళో వేసుకుని, తడివేలు దాని నోటికి అందించి... నగరేశ్వరరావు తాటాకు విసనకర్ర పట్టుకుని ఇద్దరి మధ్యా కూర్చుని, కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయన్న ధ్యాస కూడా లేకుండా, విసురుతూనే ఉన్నాడు.

పొద్దువాలాక సూర్యారావు ఊపిరాడకుండా పరుగెత్తుకొచ్చాడు. డాక్టరు ఏదో పనిమీద లైనుమీదికి వెళ్ళాడట, దొరకలేదు. ఉత్తచేతులతో రాలేక, మెయిలు రైలు ఆగితే భోజనాల పెట్టెలో వాళ్ళని బతిమాలి, రంపపు పొట్టులో కట్టిన మంచుగడ్డ తెచ్చాడు. బయల్దేరినప్పుడు కొబ్బరికాయంత ఉందట! మూట విప్పితే ఉసిరికాయంత మిగిలింది. “దారిలో కరిగిపోయింది తాయారూ” అన్నాడు, నేరం చేసిన పిల్లాడిలా. అతని చొక్కా ముందంతా తడిసి పొట్టు అంటుకుని ఉంది. మూటని గుండెలకి హత్తుకుని తెచ్చాడు పాపం. ఆ ఉసిరికాయని రోకలి మొనతో కొట్టి, ఒక పలుకు పద్మ నాలిక మీద, ఒక పలుకు అత్తగారి నాలిక మీద పెట్టింది తాయారు. పద్మ కనురెప్పలు కదిలాయి. “వదినా, పాపేదీ” అంది. సావిడి మొత్తం ఆ మాటకి ఊపిరి పీల్చుకుంది.

అప్పలనరసమ్మ కళ్ళు తెరవడం తెల్లవారాక.

పెరటివైపు నుంచి చల్లగాలి వస్తోంది. గోనెల అంచుల్నించి ఒక్కొక్క చుక్క నేలమీద పడుతోంది. పక్క మంచం మీద పద్మ గోడకి ఆనుకుని కూర్చుని, పాపకి పాలిస్తోంది. పాప గుటకలు వేస్తున్న చప్పుడు... గుక్క తరవాత గుక్క. అప్పలనరసమ్మ చాలాసేపు కళ్ళార్పకుండా ఆ చప్పుడు విన్నది. తర్వాత తల తిప్పి, తన తల దగ్గర కూర్చునే కునుకుతున్న కోడలిని చూసింది.

“ఏవే తాయారూ.”

తాయారు ఉలిక్కిపడి లేచింది. “అత్తయ్యా... ఎలా ఉంది?”

“నాకేటి. దానికి నీళ్ళు పోసినావా?”

తాయారు తల దించుకుంది. “పోశానత్తయ్యా. రాత్రంతా పోశాను.”

“కుండలోవేనా?”

“కుండలోవే.”

అప్పలనరసమ్మ మళ్ళీ కూతురి వైపు చూసింది. కూతురు తల్లిని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసిన ఆవిడ మొహంలో సంతోషం రాలేదు, ఇంకేదో వచ్చింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా కనుబొమలు ముడిచింది.

“నువ్వు ముందు సెంబు ఇచ్చిన రోజు... నీళ్ళు తాగేక కదే దానికి జొరమొచ్చింది?”

“కాదత్తయ్యా.” తాయారుకి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది, ఇంతసేపూ తన భయం దాన్ని కప్పేసింది. “చెంబు అందుకున్నప్పుడే పద్మ చెయ్యి పెనంలా కాలింది. జ్వరం నీళ్ళకి ముందే ఉంది. జ్వరం ఉంది కాబట్టే నీళ్ళు అడిగింది.”

అప్పలనరసమ్మ చూరు వైపు చూస్తూ పడుకుంది. పాప పాలు తాగుతూనే ఉంది. చాలాసేపటికి ఆవిడ పెదాలు కదిలాయి.

“అదీ ముందే అన్నాదే... జగ్గ. ‘ఒళ్ళు మంటెత్తిపోతన్నాదమ్మా’ అన్నాది. ఆ మాటన్నాకే నీళ్ళు అడిగినాది. నాను సెయ్యేసి సూసినాను... కాలిపోతన్నాది. అప్పుడికింకా నాను నీళ్ళివ్వనేలేదు.”

తాయారు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“అయితే...” అంది అప్పలనరసమ్మ. “అయితే, నాను దాన్ని సంపలేదేటే?”

“లేదత్తయ్యా. మీరు దాహం తీర్చి పంపించారు.”

అంతే... ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నిన్న మధ్యాహ్నం చుక్క చెమట లేని ఆ మనిషి ఒంట్లోంచి, చెవుల పక్కగా, తలగడ తడిసేలా కారాయి. ఎవరూ ఆపలేదు. నగరేశ్వరరావు విసనకర్ర కింద పెట్టి, మొహం అటు తిప్పుకుని, పై పంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. పద్మ పాపని గుండెలకి అదుముకుంది.

కాసేపటికి ఆవిడే మోచేతి మీద లేచింది. “ఒక సెంబుడు నీళ్ళు తేయే” అంది కోడలితో.

తాయారు చెంబు ముంచి తెచ్చింది. అప్పలనరసమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, వాసన చూసి, “మల్లెలేసినావేటే, సదువుకున్న పిల్లా” అంది. తాగబోయి ఆగింది. చెంబు వంచి, కుండ కింది ఇసకలో, మొలకల పక్కన, ఒక్క గుక్కెడు నీళ్ళు పోసింది.

“ఇది దానిది” అంది.

ఇసక ఆ నీళ్ళని తాగేదాకా చూసి, మిగిలినవి తాను తాగింది.